ఇచ్చినోళ్ల పేర్లు

ఈశ్వరికి ఎనిమిదేళ్లు. ఒంట్లో రక్తం ఊరడం మానేసింది. ఆ జబ్బు గురించి నవనీత ఇంతకంటే సులువుగా ఎవరికీ చెప్పలేకపోయింది. డాక్టర్లు పెట్టిన పేరు నోరు తిరగనిది, కానీ దాని అర్థం చిన్నదే. పది పన్నెండు రోజులకోసారి తాండూరులో రైలెక్కి హైదరాబాదు పోవాలి, ఎవరిదో రక్తం ఎక్కించుకోవాలి, బుగ్గలకు రంగు వచ్చాక ఇంటికి రావాలి. ఆ రంగు దిగిపోగానే మళ్లీ రైలు. ఇలా ఎన్నాళ్లు సారూ అని అడిగితే పెద్ద డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. తండ్రి మూలుగ తీసి పిల్లకు ఎక్కించాలి. సగం సరిపోయినా చాలు. దసరాలోపు చేయాలి. ఈలోగా ఏ గట్టి జ్వరమైనా తగిలితే ఇక తన చేతుల్లో ఏమీ ఉండదు. సర్కారు కార్డు మీద వచ్చేది పోను పన్నెండు లక్షలు కట్టాలి.

పన్నెండు లక్షలంటే మాటలా! నవనీత భర్త విజయ్‌కుమార్ తాండూరులో బండలకు పాలిష్ పట్టే కార్ఖానాలో కూలి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనురెప్పల దాకా తెల్లటి దుమ్ము. మామ ఈరయ్య గొర్ల కాపరి. మనుమరాలి కోసం మందలో సగం అప్పటికే అమ్మేశాడు. మిగతా సగం అమ్మడానికీ సిద్ధమే, కానీ కాపలా కుక్కతో సహా అమ్మినా ఆ లెక్కకు ఏ మూలకూ రాదు.

దారి చూపించినవాడు వలీ. యాలాల్ బడిలో విజయ్‌కుమార్ పక్కన కూర్చుని చదివాడు. చదివాడంటే కూర్చున్నాడనే అర్థం. ఇప్పుడు యాలాల్ పక్కనున్న వాళ్ల పల్లెకూ తాండూరుకూ మధ్య ఆటో తోలుతున్నాడు. విజయ్‌కుమార్ పెళ్లినాడే నవనీతను చెల్లెలు వరస చేసుకున్నాడు. ఈశ్వరి పుట్టగానే తనంతట తానే మేనమామ అయిపోయాడు.

"చెల్లె, ఫోన్ల ఒక సైటు ఉన్నది" అన్నాడు. "పొల్ల ఫోటో పెట్టి, దవఖాన కాగితాలు పెడితే, దునియల ఎక్కడోళ్లు అక్కడి నుంచే పైసలేస్తరు. అవి మన చేతికి గూడ రావు. సీదా దవఖానకే పోతయి."

ఈరయ్యకు ఆ మాట మింగుడు పడలేదు. "అంటే జోలె వట్టుడే గదరా. గొర్లు కాసినం గని మా ఇంట ఎవలు అడుక్కతినలే."

"అడగంది అమ్మైనా పెట్టదంటరు మామా" అంది నవనీత. "నా బిడ్డ కోసం ఎవలనన్న అడుగుత. నాకు సిగ్గులేదు."

ఇంటర్ దాకా చదివిన పిల్ల. వలీ ఆటోలోనే కూర్చుని ఈశ్వరి ముచ్చటంతా రాసి, ఫోటోలు పెట్టింది. వారం తిరక్కుండానే డబ్బు రావడం మొదలైంది. పుణె నుంచి ఒకరు, దుబాయ్ నుంచి ఒకరు, పేరు చెప్పని వాళ్లు ఇంకొందరు. ముక్కూ మొహం తెలియని మనుషులు తన బిడ్డ మీద జాలిపడుతుంటే నవనీతకు ఒకపక్క కన్నీళ్లు, ఒకపక్క ధైర్యం. పొద్దున్నే దేవుడికి దండం పెట్టడానికి ముందే ఫోన్ చూసుకునేది. నెల దాటేసరికి తొమ్మిది లక్షలయ్యాయి.

సరిగ్గా ఇక్కడే ఊరికి రోషం పుట్టుకొచ్చింది.

"పుణె నుంచి ఎవడో ఏసె, దుబాయ్ నుంచి ఎవడో ఏసె" అన్నాడు కుమారస్వామి, ఈరయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని. "మనూరి పొల్లకు మనమేసింది ఏడున్నది? రేపు గా ఫోన్ జూసినోడు, ఊరోళ్లంత సచ్చిండ్రా అనడా?"

కుమారస్వామి సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఊళ్లో పెళ్లయినా పసిపిల్లల తొట్లెల ఫంక్షనయినా చదివింపుల కట్నం రాయించకుండా ఎవరూ విస్తరి ముందు కూర్చోరు. మైకు పట్టుకుని పేరూ అంకే చదివేది కుమారస్వామే. ఇచ్చింది పది రూపాయలైనా పేరు నలుగురి చెవినా పడాలి. అది గొప్ప కోసం అనుకుంటే పొరపాటు. ఇవాళ నీ ఇంట్లో నా పేరు చదివారు, రేపు నా ఇంట్లో నీ పేరు చదువుతారు. పేరు చదవకుండా పుచ్చుకుంటే అది బిచ్చమవుతుంది, పుచ్చుకున్నవాడికి తలవంపు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న నీతి పుస్తకాల్లో బాగానే ఉంటుంది, ఆ ఊళ్లో మాత్రం చెల్లదు.

ఆ ఆదివారం ఈరయ్య వాకిలి నిండిపోయింది. ముసలీ ముతకా చేతుల్లో ఉన్నవి బటన్ ఫోన్లు, వాటితో డబ్బు పంపడం కుదరదు. అందరూ నోట్లే తెచ్చారు. వలీ ఆ నోట్లు తీసుకుని, అన్నీ కలిపి తన ఖాతాలోంచి ఒక్కసారే పంపేస్తానన్నాడు.

"అట్లెట్ల?" అని లేచాడు కుమారస్వామి. "అందరి పైసలు నీ ఒక్కని పేరు మీద పోతయా? ఎవలది వాళ్లకు రాయి."

న్యాయమైన మాటే. వలీ డబ్బు తన ఖాతాలోంచే పంపుతూ, పేరు మాత్రం ఎవరిది వాళ్లకే రాయడం మొదలుపెట్టాడు. ఆ సైటు ఒక్కొక్కరికీ పేరు అడిగింది, ఫోన్ నంబరు అడిగింది. అన్నీ ఇచ్చారు. మైకు లేకపోయినా కుమారస్వామి గొంతు తగ్గించలేదు. "శాంతవ్వ, రెండు వందలు! బీరమ్మ, వంద రూపాయలు!" వలీ వేళ్లతో కొట్టడం, పేరు తెర మీద మెరవడం, వాకిలంతా హో అనడం. బీరమ్మ పింఛను మీద బతికే ఒంటరి ముసలమ్మ. "ఒచ్చిందా నా పేరు?" అంటూ వలీ భుజం మీదుగా తొంగిచూసింది. చదువు రాకపోయినా, ఆ అక్షరాలను వేలితో తాకి చూసుకుంది.

డెబ్బై పేర్ల దాకా అయ్యాయి. అంతా కలిపి పన్నెండు వేలు మించలేదు. అయినా నవనీతకు తొమ్మిది లక్షలు వచ్చిన సంతోషం కంటే ఆ పన్నెండు వేల సంతోషమే ఎక్కువైంది. పరాయివాళ్లు ఇచ్చింది దయ, ఊరు ఇచ్చింది తన హక్కు అనిపించింది.

ఆ సంతోషం రెండు రోజులైనా నిలవలేదు. ఈశ్వరిని ఒళ్లో పడుకోబెట్టుకుని రైల్లో హైదరాబాదు పోతోంది నవనీత. వికారాబాద్ స్టేషన్లో బండి ఆగినప్పుడు అలవాటుగా ఫోన్ తీసి చూసింది. ఈశ్వరి ఫోటోకు అడ్డంగా ఎర్రటి పట్టీ. అనుమానాస్పద లావాదేవీల కారణంగా ఈ విరాళాల సేకరణను నిలిపివేశామని రాసుంది. మొదట తన ఫోన్ పాడైందనుకుంది. ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్లకు చూపించింది. ఆ పిల్ల ఒకసారి ఫోన్ వైపు, ఒకసారి ఈశ్వరి వైపు చూసి ఏమీ అనకుండా తిరిగిచ్చేసింది.

మధ్యాహ్నం దవఖానలో ఈశ్వరికి రక్తం ఎక్కుతుండగా ఫోన్ వచ్చింది.

"నవనీత గారా? నా పేరు ఆఫియా. సైటు పరిశీలన విభాగం నుంచి మాట్లాడుతున్నానండి." మర్యాద గొంతు, హైదరాబాదు తెలుగు. "ఆదివారం ఒకే ఫోన్ నుంచి, ఒకే ఖాతా నుంచి, డెబ్బై పేర్లతో డబ్బు వచ్చింది. మా కంప్యూటర్ దాన్ని పట్టుకుంది. దొంగ పేర్లు పెట్టి తమ డబ్బే తాము వేసుకునే ముఠాలున్నాయండి. ఊరంతా ఇస్తున్నట్టు చూపించి కొత్తవాళ్లను నమ్మిస్తారు."

"ఊరంత ఇస్తున్నట్టు మేం సూపియ్యలే మేడం. ఊరంత ఇచ్చిండ్రు."

"అలాగైతే ఇబ్బంది లేదండి. నంబర్లు ఉన్నాయి కదా, మేమే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగుతాం. మీరు మాత్రం ముందుగా ఎవరికీ చెప్పకండి. చెబితే మీరే నేర్పించారని అంటారు."

నవనీత సరేనంది. వలీకి చెప్పలేదు, భర్తకు చెప్పలేదు, నోరు కట్టేసుకుంది. ఇచ్చినవాళ్లు ఇచ్చామనే చెబుతారు, ఇందులో నేర్పించేదేముంది అనుకుంది. ఆ నిజాయితీయే ఆమె కొంప ముంచింది.

ఎందుకంటే అంతకుముందే పోలీసులు పంచాయతీ దగ్గర మీటింగు పెట్టి, మైకులో మరీ మరీ చెప్పి పోయారు. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చి పైసల ముచ్చట తీస్తే, మాకేం తెలవదని పెట్టేయండని. ఎవరికి ఫోన్ చేసినా మొదట వినిపించేదీ అదే హెచ్చరిక. ఊరు ఏ పాఠమూ సరిగా నేర్చుకోదని మనం తిట్టుకుంటాం కానీ, ఈ పాఠం మాత్రం నూటికి నూరు పాళ్లు నేర్చుకుంది.

మొదటి ఫోన్ కుమారస్వామికే వచ్చింది, అది కూడా కిరాణా దుకాణం ముందు పదిమందిలో ఉండగా. "మీరు ఈశ్వరి అనే పాప వైద్యానికి ఐదు వందలు ఇచ్చారా అండి?"

"ఈశ్వరి ఎవలు? నేనెవలకు పైస ఇయ్యలే. పెట్టేయ్ ఫోన్!"

పెట్టేసి మీసం దువ్వాడు. సైబర్ దొంగను ఎలా బోల్తా కొట్టించాడో ఊరంతా తిరిగి చెప్పాడు. "మీకు ఒచ్చినా గట్లనే అనుండ్రి" అని తాకీదు కూడా ఇచ్చాడు. ఊరు ఆయన మాట ఎప్పుడు తీసేసింది కనుక! బీరమ్మ భయం ఇంకో రకం. వంద దానం చేసే స్తోమత ఉందని తెలిస్తే పింఛను తీసేస్తారేమోనని హడలిపోయింది. "నాకాడ పైసలేడియి అమ్మా, పించని మీద బతికేదాన్ని" అని ఆఫియాకు దండం కూడా పెట్టిందట, ఫోన్లో కనిపించదని తెలియక.

ఆఫియా మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతులో మునుపటి తేలిక లేదు. "సగానికి పైగా మనుషులు ఫోన్ ఎత్తారండి. ఒక్కరంటే ఒక్కరు కూడా ఇచ్చామనలేదు."

నవనీత ఊరికి తిరిగొచ్చి సరాసరి కుమారస్వామి ఇంటికి పోయింది. కోడళ్లు గొంతెత్తి మాట్లాడని వాడలో ఆ రోజు గోడలు అదిరేలా అరిచింది. "మా వాకిట్ల అందరి పేర్లు సదివిన నోటితోనే ఇయ్యలేదంటవా మామా? నా బిడ్డ ఎవలని అడుగుతవా?"

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. "దొంగలనుకున్న బిడ్డా. పోలీసోళ్లు గట్లనే జెప్పిరి. ఇప్పుడే ఫోన్ గలుపు, ఊరంత నిలబడి ఇచ్చినమని ఒట్టేసి జెప్తం."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. నవనీత ఫోన్ చేసి బతిమాలింది, వీడియో తీసి పంపిస్తానంది. ఆఫియా అంతా విని నిట్టూర్చింది. "ఒకసారి కాదన్నవాళ్లు, మీరు వెళ్లి మాట్లాడాక అవునంటే మా వాళ్లు ఒప్పుకోరు నవనీత గారూ. నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకాన్ని ఫైల్లో పెట్టడానికి చోటు లేదు."

గోరుచుట్టు మీద రోకటి పోటులా, ఆ ఎర్ర పట్టీ ఫోటో తాండూరంతా ఫోన్లలో తిరిగింది. చిన్నపిల్ల పేరు చెప్పి వసూళ్లు, నమ్మకండి అని కింద రాత. కార్ఖానాలో ఎవరో నవ్వుతూ, "ఏమోయ్, లక్షలు వచ్చినయంట గదా, ఇంక బండలెందుకు రుద్దుతున్నవ్?" అన్నారు. విజయ్‌కుమార్ ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. దుమ్ము కూడా కడుక్కోకుండా కూతురి మంచం పక్కన కూర్చుండిపోయాడు. ఈశ్వరి చిగుళ్ల నుంచి మళ్లీ నెత్తురు కారుతోంది. దవఖానవాళ్లు ఫోన్ చేసి, మొదటి సగం కట్టకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

చివరికి ఆఫియానే ఒక మార్గం తెచ్చింది. వాళ్ల వకీళ్లు ఒక కాగితం తయారుచేసి పంపారు. దాన్ని నోటరీ చేయించి సంతకం పెడితే తొమ్మిది లక్షలూ రెండు విడతలుగా దవఖానకు పోతాయి. మిగతాది తాము వేరే ట్రస్టు నుంచి చూస్తామన్నారు. అందులో ఉన్నదేమిటంటే, ఆ డెబ్బై మంది నిజంగా డబ్బు ఇవ్వలేదని, వలీ అనే వ్యక్తి తల్లిదండ్రులకు చెప్పకుండా తన డబ్బునే తప్పుడు పేర్లతో వేశాడని, వాటిని తొలగించి ఆ డబ్బు అతని ఖాతాకే తిప్పి పంపాలని.

"ఇదంత అబద్ధం గదా మేడం" అంది నవనీత.

"నిజానికి మీ దగ్గర సాక్ష్యం లేదండి" అంది ఆఫియా. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు కూడా సన్నబడింది. "ఇంకో మాట. రెండో విడత వెళ్లేదాకా మీ వైపు నుంచి ఎవరూ దీనికి విరుద్ధంగా మాట్లాడకుండా చూసుకోండి. మాట్లాడితే మళ్లీ ఆపేస్తారు."

నిజం చెబితే ఆపుతారట, అబద్ధం రాసిస్తే వదులుతారట. ఏ లోకపు న్యాయం ఇది? కానీ న్యాయం గురించి వాదించే తీరిక, బిడ్డ నోట్లో నెత్తురు తుడుస్తున్న తల్లికి ఎక్కడుంటుంది!

విజయ్‌కుమార్ ససేమిరా అన్నాడు. "వలీ పేరు రాసుడు నాతోని కాదు. ఉన్న గొర్లన్ని అమ్ముత. నన్ను నేను అమ్ముకుంట."

"నిన్నెవడు కొంటడురా, కిలోకు ఎంతొస్తవ్?" అన్నాడు వలీ. తరవాత నవనీత వైపు తిరిగాడు. "రాయి చెల్లె. నా పేరుకేమైతది? ఆటో నా పేరు మీద నడుస్తలేదు, డీజిల్ మీద నడుస్తది. పొల్లను జూడు ఫస్ట్."

మర్నాడు పొద్దున నవనీత, వలీ ఇద్దరూ తాండూరులో రైలెక్కి వికారాబాద్‌లో దిగారు. కోర్టు ఎదుట రేకుల షెడ్డు కింద నోటరీ కూర్చుని ఉన్నాడు. కాగితంలో వలీ పేరు పక్కన తండ్రి పేరు కోసం ఖాళీ వదిలారు. నవనీత అక్కడ ఆగిపోయింది.

"అబ్బాజాన్ పేరు గూడ కావాల్నా?" అని వలీ తనే చెప్పి రాయించాడు. "రాయుండ్రి సాబ్. ఆయన పోయి శానా ఏండ్లాయె. ఆయనకేం పరేషాన్ లేదు."

నవనీత సంతకం పెట్టింది. స్టేషన్లో వలీ చాయ్ తెచ్చిస్తే ముట్టుకోలేదు. ప్లాట్‌ఫారం మీద కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దొంగతనం చేయని మనిషిని దొంగని రాసిచ్చింది, ఆ మనిషేమో పక్కనే నిలబడి చాయ్ చల్లారిపోతుందని తొందరపెడుతున్నాడు. బిడ్డ మీద ప్రేమ ఇంత నీచపు పని చేయిస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

కాగితం సైటు వాళ్లకు పోయింది. ఎర్ర పట్టీ పోయింది. మొదటి విడత దవఖానకు చేరింది. ఈశ్వరిని అద్దాల గదిలో పెట్టారు. విజయ్‌కుమార్ నడుము ఎముకలోంచి మూలుగ తీసి ఎక్కించారు. పిల్ల జుట్టంతా రాలిపోయింది, నోరంతా పుండ్లయింది, జ్వరం వచ్చి పోయి మళ్లీ వచ్చింది. దసరా వెళ్లిపోయింది. ఒక రోజు డాక్టరు నవ్వు మొహంతో బయటికి వచ్చి, పిల్ల ఒంట్లో రక్తం ఊరుతోందమ్మా అన్నాడు. నవనీత ఆయన కాళ్ల మీద పడబోయింది. అయితే తండ్రి మూలుగను పిల్ల ఒళ్లు తోసేయకుండా ఇంకొన్నాళ్లు ఖరీదైన మందులు వాడాలి. ఒక్క పూట కూడా ఆపకూడదు. ఆ మందులకే రెండో విడత. అది వచ్చే వారం పడుతుందని ఆఫియా చెప్పింది.

ఈలోగా చలి మొదలైంది. దవఖాన దగ్గర తీసుకున్న అద్దె గదిలో భర్తనూ కూతురినీ ఉంచి, దుప్పట్లూ స్వెట్టర్లూ తీసుకుపోవడానికి నవనీత ఒక్కతే ఊరికి బయలుదేరింది.

తాండూరు ఆటో అడ్డాలో వలీ ఆటో ఖాళీగా నిలబడి ఉంది. పక్కనే ఏసుదాసు ఆటోలో వాళ్ల ఊరి ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. నవనీత వలీ ఆటో వైపు అడుగు వేసింది. వలీ ఆమెను చూశాడు, చూసి మొహం తిప్పుకున్నాడు. కంటితోనే అవతలి ఆటో చూపించాడు. ఏమీ అర్థం కాకుండానే ఆమె పోయి ఏసుదాసు ఆటోలో ఎక్కింది.

ఆడవాళ్లు ఆదరంగా జరిగి చోటిచ్చారు. పొల్లకు ఎట్లున్నదని అడిగారు. బాగుందని విని బీరమ్మ రెండు చేతులూ పైకెత్తి మొక్కింది. ఆటో తాండూరు దాటాక శాంతవ్వ గొంతు తగ్గించింది.

"నువ్వు గాని మంచిగ బయటవడ్డవు బిడ్డా. గా వలీగాడు ఎంత పని జేసిండు! మా పైసలు ఒక్క పైస గూడ నీ బిడ్డకు ముట్టలేదంట గదా. మా పేర్లన్ని కొట్టేసి, వలీ దొంగ లెక్కలు రాసిండని ఫోన్ల రాసిండ్రంట. మా పెద్దోడు సదివి జెప్పిండు. నోట్లు మాతాన తీసుకొని జేబుల ఏసుకున్నడు."

"అడిగితే నోరు తెరవడు" అంది ఇంకొకామె. "తప్పు జెయ్యనోడు నోరెందుకు మూసుకుంటడు? అందుకే వాని ఆటో ఎక్కుడు బంద్ వెట్టినం."

సైటు వాళ్లు తిప్పి పంపుతామన్న డబ్బు ఇంకా వలీ ఖాతాకు చేరలేదని నవనీతకు తెలుసు. ఊరికి జవాబు చెప్పడానికి వలీ చేతిలో డబ్బూ లేదు, చెప్పడానికి వీలున్న మాటా లేదు. ఇన్నాళ్లూ ఫోన్లో మాట్లాడినప్పుడల్లా, "అంత మంచిదే చెల్లె, పొల్ల ఎట్లున్నది?" అనేవాడు తప్ప ఈ ముక్క ఒక్కనాడూ ఎత్తలేదు.

ఒక్క వారం నోరు మూసుకుంటే చాలు. రెండో విడత పడిపోతుంది, మందులు వచ్చేస్తాయి. తరవాత తీరిగ్గా అందరికీ చెప్పుకోవచ్చు. ఈ ఆటోలో నిజం అంటే అది సాయంత్రానికి తాండూరు చేరుతుంది, రేపటికి ఎవరి ఫోన్లోకో ఎక్కుతుంది. ఇదంతా నవనీత ఆలోచించింది. ఆలోచించి పళ్లు బిగపట్టుకుంది. సగం దారి వరకు అలాగే కూర్చుంది కూడా.

"తురకోడు తురకోని బుద్ధి సూపిచ్చిండు" అంది శాంతవ్వ.

"ఆపు శాంతవ్వా!" నవనీత అరుపుకు ఏసుదాసు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. "అన్న ఏం తినలే. మీ పైసలు అన్న ఏసిండు, అందరివి ఏసిండు. మీరు ఇయ్యలేదని, అన్ననే దొంగ పేర్లు పెట్టిండని రాసిచ్చింది నేను. వికారాబాద్ వోయి, స్టాంపు కాగితం మీద నేనే సంతకం వెట్టిన. అన్న నా పక్కనే ఉండి పెట్టిచ్చిండు."

"మేం ఇచ్చినం గద బిడ్డా. ఇయ్యలేదని ఎట్ల రాస్తివి?" అంది శాంతవ్వ, తెల్లబోయి.

"మీరు ఫోన్ల ఏం జెప్పిండ్రు?"

ఒకామె చీర కుచ్చెళ్లు సర్దుకుంది. ఒకామె బయటి కంది చేలు చూడటం మొదలుపెట్టింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, అందులో పాలు లేనివాళ్లు ఆ ఆటోలో ఒక్కరూ లేరు, దాన్ని తోలుతున్న ఏసుదాసుతో సహా.

ముందు కదిలింది బీరమ్మ. మోకాళ్లు పట్టుకుని మెల్లగా కిందికి దిగింది. "నేను గీడనే ఉంట. వలీ ఆటో ఎనక ఒస్తది గద, అండ్ల ఒస్త."

నవనీత కూడా దిగింది. ఏసుదాసు కాసేపు చూసి, కిరాయి అడగకుండానే మిగతావాళ్లతో వెళ్లిపోయాడు. రోడ్డు పక్కన ఇద్దరూ ఎండలో నిలబడ్డారు. కొంతసేపటికి వలీ ఆటో ఖాళీగా వచ్చింది. వాళ్లను చూసి ఆపాడు.

"అన్నా, అందరికి జెప్పేసిన" అంది నవనీత.

అతను సంతోషిస్తాడనుకుంది. వలీ మొహం నల్లగా మాడిపోయింది. ఆటో దిగి తల పట్టుకున్నాడు. "ఎవలు జెప్పుమన్నరు నిన్ను? ఆఁ? ఇన్ని దినాలు నేను మాటలు వడ్డది దేనికి? ఇంకొక్క వారం ఆగలేవా? పొల్ల మందులాగితే ఎట్ల జేస్తవ్, జెప్పు!"

నవనీత ఏడుస్తూనే జవాబిచ్చింది. "ఏం జేస్తనో నాకు తెల్వదన్నా. నా బిడ్డ బతికి ఒచ్చినంక నిన్ను మామ అనాలె. ఊరు నిన్ను దొంగంటుంటే అది మామ అని ఎట్ల పిలుస్తది?"

వలీ భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని ఆటోకు ఆనుకుని నిలబడ్డాడు. అతను అలా నీరుకారిపోవడం నవనీత అంతకుముందెప్పుడూ చూడలేదు.

బీరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ ముసలమ్మకు కాగితాలూ విడతలూ అర్థం కాకపోవచ్చు, అసలు సంగతి మాత్రం అర్థమైంది.

"నాకొక్కటి జెప్పు బిడ్డా" అంది, నవనీత చెయ్యి పట్టుకుని. "నాకు సదువు రాదు. పోయినసారి భయపడి ఇయ్యలేదన్న, నీ పొల్లకు ఆలిశమాయె. రేపు గా ఫోన్ మళ్ల ఒస్తె నేనేం జెప్పాలె? ఇచ్చిననాల్నా, ఇయ్యలేదనాల్నా?"

నవనీత వలీ వైపు చూసింది. వలీ తల ఎత్తలేదు. ఇచ్చానంటే పిల్ల మందులు ఆగిపోతాయి, ఇవ్వలేదంటే వలీ దొంగగానే మిగిలిపోతాడు.

"జెప్పు బిడ్డా, నువ్వెట్ల జెప్పుమంటె అట్లనే జెప్త" అంది బీరమ్మ మళ్లీ.

నవనీత ఆమె చెయ్యి వదలకుండా అలాగే నిలబడింది.